మూడాకుల మొక్క

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. మధ్యాహ్నానికీ అలాగే ఉంది. వీధివైపు గదిలో భార్య మిషను కుడుతోంది. నర్సరీలో అంట్లు కట్టే భర్త అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"చూశావా, లేదా? అది చెప్పు ముందు."

"కాళ్ళు కడుక్కోనీ."

"కడుక్కుంటూ చెప్పు. నోటితో కడుక్కోవు కదా."

"చూశాన్లే."

"ఎప్పుడు చూశావు? పొద్దుట్నుంచీ ఈ కిటికీ ముందే కూర్చున్నాను. నువ్వు ఈ బాట పక్క మొక్క దగ్గర నిలబడిందే లేదు."

"నువ్వు లేవకముందు. పనికి పోతూ."

"వారం రోజులుగా చూడవయ్యా, చూడవయ్యా అని మొత్తుకుంటే చూడనివాడివి, తెల్లారీ తెల్లారకుండా దొంగలా చూసొచ్చావా?"

"చూడమన్నావు, చూశాను. ఏ వేళకు చూడాలో కూడా నువ్వే చెబుతావా?"

"సరే. ఏం చెట్టు?"

"చెట్టా? ముళ్ళకంప."

"కంపకు పేరుండదా?"

"మూడాకుల ముళ్ళనిమ్మ. కాయ కాస్తే నోట్లో పెట్టలేం. కొమ్మ పట్టుకుంటే చెయ్యి చీరుకుంటుంది. చాలా?"

"టీకొట్టాయన మారేడు అన్నాడు."

"మూడాకులు కనిపిస్తే ఆయనకు మారేడే."

"గడియారాల షాపాయన భూతద్దం పెట్టి చూశాడు. ఇది ఇక్కడిది కాదు, ఏ పక్షో తెచ్చిన విత్తనం అన్నాడు."

"ఆయన భూతద్దం పెడితే ప్రతి ముల్లూ సెకన్ల ముల్లే. తిరుగుతోందా అని కూడా చూసుంటాడు."

"మరి పైకొమ్మకు ఒంటాకులున్నాయే?"

"ఎవరు చెప్పారు?"

"నాకు కళ్ళు లేవా?"

"నీ కళ్ళకు మూడాకు, ఒంటాకు తేడా ఎప్పట్నుంచి తెలుస్తోంది? వాడు చెప్పాడు."

"ఎవడు?"

"ఇంకెవడు. నీ చెల్లెలి మొగుడు."

"చెప్పాడు. ఆదివారం వచ్చినప్పుడు చూశాడు. కింద ఒక చెట్టు, పైన ఒక చెట్టు, ఎవరో కట్టిన అంటు వదినా ఇది అన్నాడు. తప్పా?"

"నీకు చెబితే తప్పు లేదు. టీకొట్టు దగ్గర నిలబడి పది మందికీ పాఠం చెప్పాడట. ఈ వీధిలో పాతికేళ్ళుగా ఎవరింట్లో ఆకు వాడినా నన్ను అడుగుతారు. నన్ను! వాడు ఒక పూట భోజనానికి వచ్చి..."

"నిన్ను అడగలేదా? టీకొట్టాయన అడగలేదా? నేను అడగలేదా? వాడు చూశాడని తెలిశాక ఆ మొక్క పక్కనుంచి నడవడమే మానేశావు. వారంగా వెనక సందులోంచి పోతున్నావు పనికి."

"సందు దగ్గర దారి."

"సందు దూరం."

"నీడ ఉంటుంది."

"మబ్బు రోజున కూడానా?"

"బట్ట కుట్టుకో. సూది వేల్లో దిగుతుంది."

"బాటకు రాళ్ళు పరిచేవాళ్ళ మేస్త్రీ కనిపించాడా?"

"కనిపించాడు."

"ఏమడిగాడు?"

"అడగాల్సిందే అడిగాడు."

"ఏం చెప్పావు?"

"ఉన్నది చెప్పాను. ముళ్ళకంప, పీకెయ్యండి అన్నాను."

"పీకెయ్యమన్నావా?"

"పిల్లలు తిరిగే బాట. ముళ్ళు."

"మంచి చెట్టయితే చుట్టూ జానెడు మట్టి వదిలి రాళ్ళు పరుస్తాం, మీ ఆయన ఒక్క మాట చెబితే చాలమ్మా అన్నాడాయన నాతో. నీ మాట కోసం వారం ఆగాడు."

"ఇచ్చాను మాట. భోజనాలయ్యాక పీకుతారు."

"అది అంటుమొక్క అని తెలిసీ?"

"ఏ అంటు? వెళ్ళి చూసుకో. అడుగు నుంచి కొస దాకా అన్నీ మూడాకులే. చెప్పిందెవరో, చూడకుండా చెప్పారు."

"నిన్న సాయంత్రం నీళ్ళు పోశాను. పైన జానెడు కొమ్మ ఉంది. ఒంటాకులు. లేత చిగురు."

"నీళ్ళు కూడా పోస్తున్నావా?"

"పోస్తే?"

"నాకు గ్లాసుడు మంచినీళ్ళు ఇమ్మంటే మిషను దిగవు. వాడు అంటు అన్నాడని కంపకు చెంబులతో పోస్తున్నావు."

"వాడు అనకముందు నుంచీ పోస్తున్నాను."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచైతే నీకెందుకు? ఇన్నాళ్ళూ ఆ పాత బోర్డు వెనక ఉంది. రాళ్ళవాళ్ళు వచ్చి బోర్డు తీశాక అందరికీ కనిపించింది. నాకు ముందే కనిపించింది."

"నాతో అనలేదే?"

"అంటే ఏం చేసేవాడివి?"

"ఏం చేసేవాణ్ణో నాకేం తెలుసు."

"అదీ. లే, కంచాలు తియ్యి."

"మూడెందుకు?"

"మరిది వస్తున్నాడు."

"మళ్ళీనా?"

"చెల్లెలు ఊళ్ళో లేదు. ఒక పూట మనింట్లో తింటే అరిగిపోతామా?"

"అదే అనుకున్నాను. పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. నా ఒక్కడికైతే నిన్నటి కూర వేడిచేస్తావు."

"వాడంటే ఎందుకయ్యా నీకంత?"

"ఏమీ లేదు."

"ఆ కత్తేగా."

"కత్తి మాట ఎవడెత్తాడు?"

"నువ్వు ఎత్తవు. దాని చుట్టూ తిరుగుతావు. ఏడాది దాటింది, ఇంకా తిరుగుతూనే ఉన్నావు."

"మీ నాన్న దగ్గర పాతికేళ్ళు పనిచేశాను. విత్తనం వేసే దగ్గర్నుంచి నేర్చుకున్నాను. వాడొచ్చి మూడేళ్ళు. మూడేళ్ళకు అంటుకత్తి వాడి చేతిలో పెట్టాడు మామ. అదీ, ఆ ఎడమచేతిలో."

"ఊరికే పెట్టాడా? చెరో బత్తాయి అంటు కట్టండి, నలభై రోజుల్లో ఎవరిది చిగురేస్తే వాళ్ళది కత్తి అన్నాడు. ఇద్దరూ సరే అన్నారు."

"ఆ వారమే నా బొటనవేలు తెగింది."

"మొదలెట్టావా?"

"తెగలేదా?"

"తెగింది. కట్టు కట్టింది నేనేగా. గాయం మానాక కడుదువుగాని, నాన్నతో నేను చెబుతాను అంటే విన్నావా?"

"వాడి ముందు గడువు అడుగుతానా? కట్టాను. ఎండిపోయింది. వాడిది చిగురేసింది. అయిపోయింది. ఇప్పుడు నర్సరీలో ఏ కొత్త పని వచ్చినా ముందు వాడి వైపు చూస్తారు. నేను పక్కనే నిలబడి ఉంటాను."

"ఎండిపోలేదు నీది. చిగురెయ్యలేదు, అంతే."

"రెండూ ఒకటే."

"నాన్నకు ఒకటి కాదు. పారెయ్యలేదు ఆయన. గోడవార పెట్టించాడు."

"గోడవార పెట్టడమంటే ఏంటో నాకు తెలుసులే. నన్నూ పెట్టాడుగా."

"అలా మాట్లాడకు. చచ్చిపోయిన మనిషి... ఏదీ, ఆ కంచం ఇలా ఇవ్వు. ఉండు. చెయ్యి ఇలా పెట్టు."

"ఎందుకు?"

"పెట్టవయ్యా. ఈ వాసనేంటి?"

"మొక్కల్లో పనిచేసేవాడి చేతికి అత్తరు వాసన వస్తుందా?"

"బత్తాయి ఆకు వాసన."

"నర్సరీలో..."

"ఈ వారమంతా గులాబీలే కడుతున్నాం, ముళ్ళు గుచ్చుకున్నాయి అని రాత్రేగా చెప్పావు."

"అంట్లు కట్టేవాడి చేతిని వాసన చూసే పెళ్ళాన్ని నిన్నే చూశాను."

"మాట మార్చకు. ఏం చేశావు?"

"వదినా! అన్నయ్య వచ్చాడా?"

"వచ్చాడు, రా మరిదీ. చెప్పులు అక్కడ విడు. కంచాలు పెడుతున్నాను."

"మీ వీధిలో మొక్క చూశారా ఇవాళ? పైకొమ్మ లేదు."

"లేదా?"

"కోసేశారు వదినా. నిన్నటిది కాదు ఆ కోత. ఇవాళ్టిదే, ఇంకా తడారలేదు. మబ్బు కదా."

"ఏమయ్యా, వింటున్నావా? మరిది ఏదో అంటున్నాడు."

"వింటున్నాను. ఏ మేకో కొరికుంటుంది."

"మేకా, అన్నయ్యా?"

"వీధి అన్నాక మేకలు రావా?"

"వస్తాయి. కానీ ఈ మేక కణుపు దాటి అరంగుళం పైన, ఒక్క కోతకు కోసింది. నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోసింది. అంచు నలగలేదు. ఎవరి దగ్గర పని నేర్చుకుందో గాని, మంచి మేక."

"నవ్వకు."

"నేను నవ్వడం లేదు అన్నయ్యా. మామయ్య అలాగే కోసేవాడు. ఇదిగో, మొక్క పక్కన కాలవ గట్టున పడుంది. తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. ఇంకా పచ్చిగానే ఉంది."

"ఇక్కడికెందుకు తెచ్చావు దాన్ని?"

"ఎక్కడికి తీసుకెళ్ళమంటావు?"

"భోజనం దగ్గర కంప పెట్టకు. తియ్యి."

"రాళ్ళవాళ్ళు గడ్డపార పట్టుకుని నిలబడ్డారు వదినా. మేము తినేదాకా ఆగండి అని చెప్పి వచ్చాను."

"ఆగారా?"

"ఆగారు."

"ఆగుతారు! ఎందుకాగరు? నన్ను అడిగి, నా మాట తీసుకుని, వాడొచ్చి చెయ్యెత్తితే ఆగుతారు! నేను ఏం చెబితే ఏంటి ఇక? నా మాటకు గడ్డపార, వాడి మాటకు..."

"నెమ్మదయ్యా. వీధి వింటుంది."

"విననీ. అవునే, నేనే కోశాను. తెల్లవారి పోతూ కత్తెర తీసి కోశాను. ఏం చేస్తావు?"

"ఎందుకు?"

"ఎందుకా? ఉత్త కంప అన్నాను నేను. అది కంప కావాలి. అంటు అన్నాడు వాడు. అది అంటు కాకూడదు. చాలా? అలా చూడకు నన్ను. ముందు వాణ్ణి అడుగు. నా గుమ్మం ముందు, నా భార్య కిటికీ కింద, వాడి అంటు తెచ్చి ఎందుకు నాటాడో అడుగు."

"నేనా?"

"నువ్వే. ఏమీ తెలియనట్టు ఆదివారం వచ్చి, ఎవరో కట్టిన అంటు అన్నావు. ఎవరో! నేను దగ్గర కూర్చుని చూశానురా. అంటుకు చుట్టిన పట్టీ ఇంకా ఉంది, బెరడు దాన్ని మింగుతోంది. నా చేతి చుట్టు ఇటు తిరుగుతుంది, ఇలా. అది అటు తిరిగింది. పుల్ల చెక్కిన వాలు కూడా అటే. మామ దగ్గర నేర్చినవాళ్ళలో ఎడమచేతివాడివి నువ్వొక్కడివే."

"అందుకు కోశావా?"

"అందుకే కోశాను. కత్తి తీసుకున్నావు. పని తీసుకున్నావు. ఇక వీధి కూడా నీదేనా? ఈవిడేమో చెంబులతో నీళ్ళు!"

"అన్నయ్యా, ముడి చూశావా?"

"ముడితో ఏం పని? చుట్టు చూశాను."

"నేను ముడి వెయ్యను. కొస చుట్టులోకి దోపి లాగుతాను. నువ్వు చూశావు గదా, వందసార్లు తిట్టావు కూడా, ఊడిపోతుందిరా అని."

"అయితే?"

"అక్కడ ముడి ఉంది. ఒకదాని మీద ఒకటి, రెండు. వంకరగా పడ్డాయి గాని గట్టిగా ఉన్నాయి."

"రెండు ముడులు ఎవడైనా వేస్తాడు."

"ఎవడైనా వెయ్యడు. ఆదివారం చూడగానే వదిన దగ్గరికి వచ్చాను. చెప్పొద్దంది."

"ఏం చెప్పొద్దంది? ఏమే? వాడికీ నీకూ మధ్య నాకు చెప్పకూడని మాట ఏంటి?"

"కూర్చోండి. అన్నం చల్లారుతోంది."

"నాకొద్దు."

"కూర్చోవయ్యా. మరిదీ, నువ్వూ కూర్చో. ఆ గుడ్డ అక్కడే ఉండనీ, మధ్యలో. తియ్యకు."

"వదినా, పోనీలే, ఇప్పుడెందుకు..."

"ఇప్పుడు కాకపోతే గడ్డపార దిగాకా? వినవయ్యా. ఆ మొక్క నాటింది వాడు కాదు. నేను."

"నువ్వా?"

"నాన్న పోయాక ఆయన ఇల్లు ఖాళీ చేసిన రోజు. నువ్వు మంచాలు మోస్తున్నావు. గోడవార ఉన్న మొక్కసంచి నేను తెచ్చుకున్నాను, పాత బట్టల్లో పెట్టి."

"గోడవార..."

"అప్పటికి ఇంకా మొద్దులాగే ఉంది. గోటితో గీకి చూస్తే లోపల పచ్చగా ఉంది. కింద ముళ్ళకొమ్మలు ఎప్పటికప్పుడు గిల్లాల్సిందట, నాకేం తెలుసు. నీళ్ళు పోశాను, అంతే. రెండు నెలల కిందట పైపుల్ల చిగురేసింది. నీతో చెబుదామనుకున్నాను. చెప్పడం కాదు, నువ్వే చూసి గుర్తుపడితే బాగుంటుందనుకున్నాను. చూడు, చూడు అన్నది అందుకే."

"కాదు."

"ఏం కాదు?"

"నాది కాదది. నాదైతే చుట్టు ఇటుండాలి. పాతికేళ్ళుగా కడుతున్నాను, నా చుట్టు నాకు తెలియదా? అటు తిరిగింది. దగ్గర కూర్చుని చూశాను. రెండుసార్లు చూసి మరీ కోశాను. అది ఎడమచేతి చుట్టు. ఎడమచెయ్యి అది. నాకెప్పుడు..."

"బొటనవేలు తెగిన రోజు నేను కట్టు కట్టింది నీ కుడిచేతికయ్యా."

తడిగుడ్డలో చుట్టిన కొమ్మ మూడు కంచాల మధ్యా ఉంది. ముగ్గురూ దాని చుట్టూ కూర్చుని తిన్నారు.