నయమైందని రాయకండి డాక్టరుగారూ

అదేంటి డాక్టరుగారూ, నయమైపోయిందని అంత తేలిగ్గా అనేస్తారు! ఇంకోసారి టార్చి వేసి చూడండి. ఏదో ఓ మూల కాస్త ఎరుపైనా మిగలకపోతుందా? ఇదిగో... ఆఆ...

ఏమీ లేదా? నా ఖర్మ.

నవ్వకండి. నయం కాలేదని ఏడ్చేవాళ్ళనే చూసుంటారు మీరు. నా గోల వేరు. రెండు వారాలు గొంతెత్తొద్దని చీటీ రాసిచ్చారా, అది పట్టుకెళ్ళి మా హెడ్మిస్ట్రెస్ గారి బల్ల మీద పెట్టానా, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గొంతు లేని టీచర్ని నేనేం చేసుకోనమ్మా?" అన్నారు. ఆవిడ వరండాలో నడుస్తుంటే ప్రతి గదిలోంచీ టీచరు గొంతు ఖంగుమనాలి. వినపడకపోతే పాఠం జరగనట్టే!

చేసేది లేక లెక్కలు గుసగుసగానే చెప్పాను. ఏమైందనుకున్నారు? నలభై కోతులండీ! నేనేమంటున్నానో వినపడక ఒకరి నోరు ఒకరు మూసుకున్నారు. వారం తిరిగేసరికి పెన్సిలు అడగాలన్నా గుసగుసే.

మరి తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఒకాయన పరుగెత్తుకొచ్చాడు, "మావాడు ఇంట్లో మెల్లగా మాట్లాడుతున్నాడు మేడమ్, ఏం చేశారు వాణ్ణి?" అని. ఒకావిడేమో, "అరవకపోతే పిల్లలకి భయమెలా వస్తుందండీ?" అని నిలదీసింది. మా అత్తగారొక్కరే మీకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నారు, ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడుందని!

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. కిటికీ పక్కన ఓ పిల్ల కూర్చుంటుంది. పిచ్చుక అంటాం. బడి తెరిచినప్పట్నుంచీ దాని నోట మాట విన్న పాపాన పోలేదు ఎవరూ. లేపి అడిగితే నేలచూపులు. అలాంటిది, మొన్న నేను బోర్డు మీద తీసివేత చేస్తుంటే వచ్చి చెయ్యి పట్టి లాగింది. వంగితే చెవిలో ఏమందో తెలుసా? "టీచర్, పక్క అంకె దగ్గర్నుంచి ఒకటి తెచ్చుకున్నారు. అక్కడ తగ్గించలేదు."

చూస్తే నిజమే! ఇన్నాళ్ళకి నోరు విప్పి, విప్పడమే నా తప్పు పట్టడానికి విప్పిందండీ గడుగ్గాయి!

అందరూ గుసగుసలాడితేనే దానికి ధైర్యం. రేపు నేను ఖంగుమన్నాననుకోండి, నలభైమందీ ఖంగుమంటారు. పిచ్చుక మళ్ళీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. అందుకే, ఇంకొక్క నెలకి చీటీ...

రాయరా? హయ్యో, నిజం తప్ప రాయని డాక్టరే దొరకాలా నాకు!

సరే, మీ దగ్గర దాచడమెందుకు. గొంతు బాగుపడి నాలుగు రోజులైంది. స్నానాల గదిలో పాడి చూసుకున్నాను కూడా. క్లాసులో మాత్రం గుసగుసే.

మీరు రాయరేమోనని నిన్ననే ఓ రిహార్సలు వేసుకున్నాం. పిచ్చుకని తలుపు దగ్గరికి మార్చాను. హెడ్మిస్ట్రెస్ గారి చెప్పుల చప్పుడు అందరికన్నా ముందు దానికే వినపడుతుంది. అది చెయ్యెత్తగానే వరండా అదిరేలా ఎక్కం అందుకోవాలి. ఆవిడ దాటాక మళ్ళీ గుసగుస.

ఆ అరుపుల్లో అందరినీ మించిన గొంతు ఎవరిదనుకున్నారు?

దానిదే! కిటికీ అద్దాలు కూడా గలగల్లాడాయి.

ఇంక నాకు చీటీ ఎందుకు చెప్పండి, రాసేయండి... నయమైందనే రాసేయండి.