ఊరంతా ఒక్కమాటే

హలో… ఆఁ ఆఁ, నేనే బాబాయ్, జెస్సీనే. అక్క ఫోన్ నీ చేతికెందుకొచ్చింది? మహిమక్కకేమైంది?…

హమ్మయ్య. మరి అలా రొప్పుతున్నావేం?…

ఎవరూ, వెంకయ్య గారా? ఆయనే స్వయంగా మన పాలెం వచ్చారా? మన ఇంటికా?… ఇంకెవరెవరు?… అంతమందా!

నేను పేట బస్టాండులో ఉన్నా. నామినేషన్ వెనక్కి తీసుకోడానికి ఇవాళే ఆఖరని అక్క పొద్దున మెసేజ్ పెట్టింది. కాలేజీలో పర్మిషన్ అడిగి వచ్చేశా. బస్సే రావట్లేదు. హైవే మీద పత్తి లారీ అడ్డం పడిందట…

ఏంటీ? గట్టిగా చెప్పు, ఇక్కడంతా హారన్లు… నా వల్లా? సర్పంచ్‌కి అక్క నామినేషన్ వేస్తే నేనేం చేశానూ?…

ఓ. ఆ వీడియోనా.

బాబాయ్, అది కాలేజీ సెమినార్. ఒక టీవీ సీరియల్ గురించి పిల్లలకి చెప్పా. మన ఊరి ఊసే ఎత్తలేదు… అసలు ఏకగ్రీవం అన్న మాటే అనలేదు. కావాలంటే మళ్లీ చూడు…

సరే, విను. ఆ సీరియల్ పేరు తేనెతుట్టె. వేరే గ్రహం మీద కొంతమంది బతుకుతుంటారు. అక్కడి చలికి విడివిడిగా బతకలేక, అందరూ చెవి వెనక ఒక దారంలాంటిది కుట్టించుకుంటారు. దాంతో అందరి మనసులూ కలిసిపోతాయి. ఒకరనుకున్నది అందరికీ తెలుస్తుంది. తుట్టెలో ఈగల్లాగా… అంతే బాబాయ్, కట్టుకథ!

దాని మీద మా స్టాఫ్‌రూములో రోజూ గొడవే. పాలిటిక్స్ సారేమో కమ్యూనిస్టుల్ని వెక్కిరించడానికే తీశారంటాడు. లైబ్రేరియన్ రహమతున్నీసా గారేమో, కాదు, దేశమంతా ఒకే మూసలో ఉండాలనేవాళ్ల మీద తీశారంటుంది… మన పాస్టరు గారు కూడా చూశారా!… బైబిల్లో తొలి సంఘం అలాగే ఏకమనసుతో ఉండేదని వాక్యం చెప్పారా? బానే ఉంది.

నేనన్నది ఒక్కటే. అందరిదీ ఒక్కమాటే అంటున్నారంటే, రెండోమాట ఉన్నవాళ్లని ఏం చేశారో అడగాలి అన్నా…

ఆ ముక్కే కత్తిరించి ఊరంతా పంపుకుంటున్నారా? కింద మన ఊరి పేరెవరు పెట్టారు?… తెలీదా. సరే.

ఎవరికిస్తున్నావ్?… బాబాయ్, వద్దు, ఆగు—

నమస్కారమండీ వెంకయ్య గారూ… బాగున్నానండి… అవునండి, మా నాన్న మీ దగ్గరే జీతానికుండేవాడు. మర్చిపోలేదండి…

ఊరి మంచి కోసం. ఆఁ. బాబాయ్ కూడా ఇందాక అదే అన్నాడు…

మీ కోడలు మాధురి గారు చదువుకున్నావిడే, నేను కాదన్లేదు. కానీ సర్పంచయ్యాక కూడా గుంటూరులోనే కదండీ ఉంటారు?… వారానికోసారి వస్తారా. ఓహో.

అది లేడీస్ జనరల్ సీటు కదండీ. జనరల్ అంటే అందరిదీ అనుకుంది మా అక్క… అలా కాదా? మరెలాగండీ?…

మనం, మనం అంటున్నారు. ఆ మనం అంటే ఎవరెవరండీ?… వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. ఏకగ్రీవం చేద్దామనుకున్న రోజు మా పాలెం నుంచి ఎవర్ని పిలిచారు?… ఇందాక మీకు ఫోనిచ్చిన మా జయరావు బాబాయినా? ఆయన్ని టీలు అందించడానికి పిలిచారని పిన్ని చెప్పిందే!

…

ఏమన్నారు?… మా కాలేజీ కరస్పాండెంట్ గారు మీ వియ్యంకుడి తమ్ముడా? నాకు తెలీదండి… వీడియో ఆయన కూడా చూశారా…

లేదండి, బెదిరిస్తున్నారని నేనెందుకంటాను… ఇంకా పర్మనెంట్ చెయ్యలేదండి… అవునండి…

…

ఉన్నానండి. లైన్లోనే ఉన్నా.

ఒకసారి అక్కకివ్వండి… ఆఁ, చెప్తా. చెప్తానన్నాగా—

హలో, అక్కా?… ఎవరూ, పైవీధి సుబ్బరావమ్మ గారా? నమస్తే అమ్మా… ఊరి మంచి కోసం. అవునమ్మా. ఈ మాటన్నవాళ్లలో మీరు మూడోవారు. అక్కకివ్వండమ్మా, మీకు పుణ్యముంటుంది.

…

అక్కా… ఏడ్చావా?… మరి గొంతేంటి అలా అయింది?… పొద్దుట్నుంచీ ఏమీ తినలేదా? స్పీకర్ తీసెయ్. వంటింట్లోకెళ్లు… వెళ్లావా?

అక్కా, వెనక్కి తీసేసుకో.

…

ఆఁ, నేనే. నేనే అంటున్నా… సెమినార్ వేరు అక్కా! మైకులో ఏదో అంటాం, పిల్లలు చప్పట్లు కొడతారు, కిందికి దిగి కాఫీ తాగుతాం. నువ్వు ఆ ఊళ్లో బతకాలి. నీ దగ్గరికి ట్యూషన్‌కి పిల్లల్ని పంపొద్దంటే ఏం చేస్తావ్? మన వీధికి నీళ్ల ట్యాంకరు ఆపేస్తే?…

నా ఉద్యోగం గురించి కాదు… సరే, దాని గురించి కూడా. భయమేసింది, సరేనా?

…

నా వీడియో చూసి వెయ్యలేదా? మరి?… సీరియల్ చూసి వేశావా! రెండూ ఒకటేగా… కాదా?

నీకు నచ్చిందా? ఆ తుట్టె నచ్చిందా నీకు?… అక్కా, మనిషికి సొంత బుర్రంటూ లేకపోతే అందులో నచ్చడానికేముంది?

ఏ ఎపిసోడు?… ఆఁ, ముసలాయన గనిలో పడిపోయేది. చూశా. ఆయన కాలు విరిగితే అందరికీ నొప్పి పుడుతుంది. ఊరు ఊరంతా కుంటుతుంది… తెల్లారేసరికి గనిలోకి మెట్లు కట్టేస్తారు. ఆ, గుర్తుంది. అయితే?

…

గుర్తుంది అక్కా. నాన్న శవపెట్టె మోసింది ఎలా మర్చిపోతాను? మోకాళ్ల లోతు బురద. వెంకయ్య గారి మిరపచేను గట్టు మీద బాబాయ్ జారిపడ్డాడు. పెట్టె… చెప్పకు. ఇక్కడొద్దు.

…

నిజమే. ఆ రోజు మనం తప్ప ఎవరూ కుంటలేదు.

సమాధుల దొడ్డికి దారి. దానికోసమే వేశావా?… అవును, వెనకటి సర్పంచులూ ఏకగ్రీవంగానే వచ్చారు. అందరూ వేయిస్తామన్నవాళ్లే…

అంటే, తుట్టె చెడ్డదని నేనంటున్నా. వీళ్లది తుట్టె కూడా కాదని నువ్వంటున్నావ్. నొప్పి పంచుకోరు, మాట మాత్రం ఒక్కటే కావాలి… నవ్వకు. నవ్వకక్కా, నాకిక్కడ ఏడుపొస్తోంది.

…

వెళ్లి సంతకం పెట్టాలో వద్దో నన్నెందుకు అడుగుతావ్? వేసిందానివి నువ్వు, తేల్చుకోవాల్సిందీ నువ్వే…

వెళ్లొద్దు.

ఇందాక అన్నది వదిలెయ్. వెళ్లొద్దు. ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టినా ఎక్కొద్దు. మూడు దాటితే ఇంకెవరూ ఏమీ చెయ్యలేరు. నువ్వు సంతకం పెడితేనే కదా వెనక్కి పోయేది…

నా ఉద్యోగం నేను చూసుకుంటా… ఏమో, ఎలా చూసుకుంటానో! పేటలో ఇంకో కాలేజీ లేదా?

ఆగాగు, బస్సొచ్చింది. జరగమ్మా కాస్త… బాబూ, ఆ సంచీ తియ్… ఎక్కా. ఎక్కేశా. అక్కా?… ఏంటా కేకలు? అక్కా! ఫోనెవరు లాక్కున్నారు?

…

బాబాయ్, నువ్వా. నేను చెప్పేశా. వెళ్లొద్దని చెప్పేశా. నన్ను ఏమైనా అనుకో… గదిలోకెళ్లి గడియ పెట్టుకుందా? మంచిపని చేసింది… తలుపు బాదితే బాదనీ. అది మన తలుపే, గట్టిది.

…

ఆటో వెళ్లిపోయిందా? టైమెంతయింది అక్కడ?… దాటిపోయిందా! దేవా…

వెంకయ్య గారు వెళ్లారా?… ఇంకా మన ఇంట్లోనే కూర్చున్నారా?

…

బాబాయ్, ఎందుకంత చిన్నగా మాట్లాడుతున్నావ్? బస్సు మోతకి ఒక్కముక్కా వినబడట్లేదు… ఎక్కడున్నావ్?… పెరట్లోకొచ్చావా? ఒక్కడివేనా?

చెప్పు… మళ్లీ చెప్పు…

అవును బాబాయ్, ఓటు చాటుగానే వేస్తారు. అట్టపెట్టె అడ్డం పెడతారు. దాని వెనక నువ్వు ఎవరికి గుద్దావో ఎవ్వరికీ తెలీదు. వెంకయ్య గారికే కాదు, పిన్నిక్కూడా తెలీదు…

ఏంటీ?… అక్కకేనా?… నిజంగా, నువ్వా!

పిన్ని కూడానా? ఆవిడ నీకు చెప్పిందా, నువ్వు ఆవిడకి చెప్పావా?… ఇద్దరూ చెప్పుకోలేదా! మరెలా తెలుసు?… పెళ్లాం ముఖం నీకు తెలీదా. అదీ నిజమే.

ఇంకా?… పైవీధి ఆడవాళ్లా? ఏమనడిగారు?… అక్కకి ఏ గుర్తొస్తుందని అడిగారా? ఎంతమంది?… ఒకరికి తెలీకుండా ఒకరా? అందరూ నీ దగ్గరికేనా?

బాబాయ్, ఇదంతా మనసులో పెట్టుకుని పొద్దుట్నుంచీ అక్కని ఎలా తిట్టావయ్యా నువ్వు?…

…

సరే. సరేలే. ఏడవకు. నాకర్థమైంది. నువ్వు రేపు మళ్లీ ఆయన చేలోకే వెళ్లాలి. నేనేమీ అనుకోను. అక్కా అనుకోదు…

అయ్యో, ఆయనొస్తున్నారా? పెరట్లోకేనా?

…

అమ్మో, ఏం గొంతు బాబాయ్ నీది! చెవి పగిలింది… ఆఁ, తిట్టు. బాగా తిట్టు… అవును, పొగరే నాకు. చదువుకుని చెడిపోయాం, ఇద్దరమూను… ఇంకాస్త గట్టిగా, ఆయనకి వినబడాలి… ఆఁ, అక్కకి ఒక్క ఓటు కూడా పడదు, నిజమే… ఇంటి గడప తొక్కను, నీ ముఖం చూడను… వింటున్నా బాబాయ్, ఆపకు… హలో?…