గంటంబావు దూరం

డబ్లిన్‌లో నాన్న శవపేటిక ముందుగదిలో ఉంది. చివరిచూపుకి వచ్చినవాళ్ళ కోసం అక్క వంటింట్లో శాండ్‌విచ్‌లు కోస్తూ, లండన్‌లో ఉన్న తమ్ముడి ఫోను వస్తే భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుంది.

“వచ్చే గురువారానికి టికెట్ తీశానక్కా.”

“గురువారమా! ఒరేయ్, రేపు పొద్దున్నే నాన్నని మట్టి చేస్తున్నాం!”

“రేపేంటి? నిన్నేగా పోయాడు! ఇక్కడైతే రెండు మూడు వారాలు పడుతుంది.”

“ఇంగ్లీషోళ్ళకి పడుతుంది, మన ఐరిషోళ్ళకి కాదు. అమ్మ పోయినప్పుడు మనకెన్నాళ్ళు పట్టింది?”

“మూడోరోజే...”

“గుర్తుందన్నమాట!”

“అరవకక్కా. ఇంత దూరం నుంచి రావాలంటే...”

“ఏం దూరం? విమానమెక్కితే గంటంబావు! ఫింటన్ బాబాయి ఆ నడుంనొప్పితో దేశం ఆ చివర మేయో నుంచి నాలుగు గంటలు కారు తోలుకుంటూ వచ్చాడు. వచ్చీరాగానే నీ గురించే అడిగాడు. ఏం చెప్పమంటావు? మావాడు ఇంగ్లీషోడైపోయాడని చెప్పనా?”

“ఇప్పటికిప్పుడు సీటు దొరకదేమో.”

“వెతికావా?”

అక్క చేతిలో కత్తి ఆగింది.

“ఆరుగురు పేటిక మోసేటప్పుడు ముందు ఎడమపక్క భుజం కొడుకుది. అదైనా గుర్తుందా?”

“ఉంది. పోనీ, నేను అందుకోలేకపోతే ఎవరినైనా...”

“పక్కింటాయన భుజం పడతానన్నాడు. వద్దన్నాను. నీ చోటు ఖాళీగానే ఉంచి, మిగతా ఐదుగురం మోస్తాం. నాన్న ఒరిగితే నీ వైపే ఒరుగుతాడు.”