ఇంగువ కోటు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక శనివారం మధ్యాహ్నం. 1984, అక్టోబరు నెలాఖరు. భోజనాలయ్యాక వంటింట్లో ఆండాళ్, ఆమె భర్త శ్యామ్‌సుందర్.

"చెట్టు మీంచి పడితేనో?"

"పడను."

"పడేవాళ్లెవరైనా పడతామని చెప్పి ఎక్కుతారా? చిన్నప్పుడు జామచెట్టు కూడా ఎక్కి ఎరగరని మీ అమ్మగారే చెప్పారు. ఇన్నేళ్లొచ్చాక, ఈ చలిదేశంలో, వారం వారం కొమ్మల మధ్య పలక మీద కూర్చుంటారా కోతిలాగా?"

"కోతి పడదు ఆండాళ్."

"మీరు కోతి కాదు కదండీ. అదే నా భయం."

"నడుముకి బెల్టు ఉంటుంది. చెట్టుకి కట్టేసుకుంటాను. జారినా వేలాడతానంతే."

"వేలాడతారా. వేలాడుతున్న మనిషిని చూసి ఇంకో వేటగాడెవడో జింకనుకుని బాణం వేస్తే?"

"చెట్టుకి వేలాడే జింక ఎక్కడైనా ఉంటుందా?"

"కీడెంచి మేలెంచమన్నారు. సరే, పడలేదు, వేలాడలేదు, మిమ్మల్నెవరూ కొట్టలేదు. మీరే జింకని కొట్టారనుకోండి. అప్పుడు?"

"మళ్లీ మొదలుపెట్టావా."

"కడుపుతో ఉన్నదాని మొగుడు పాము ఎదురొచ్చినా చంపకూడదంటారు. మొన్న దసరాకి కారు ముందు కొబ్బరికాయ కూడా కొట్టనివ్వలేదు మిమ్మల్ని, చక్రాల కింద నిమ్మకాయలతో సరిపెట్టాను. కాయే కొట్టకూడదంటే, కళ్లున్న జీవాన్ని కొట్టొచ్చా?"

"అవన్నీ పాతకాలం మాటలు. అంతా నార్మల్‌గా ఉందని డాక్టరమ్మ చెప్పింది కదా."

"పోయినసారీ నార్మలే అంది."

"..."

"ఇదిగో, ఇక్కడికొచ్చేసరికి మాట్లాడరు."

"ఏం మాట్లాడను? మల్లికార్జున్‌కి ఏమని చెప్పను? ఎయిర్‌పోర్ట్‌కొచ్చి తీసుకెళ్లి, వాళ్ల బేస్‌మెంట్‌లో పెట్టుకుని, ఉద్యోగం దొరికేదాకా ప్రతి ఇంటర్వ్యూకీ తనే డ్రైవ్ చేసి తిప్పినవాడు. నాతో వేటకి తోడు రా అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను అడిగింది అదొక్కటే. కారణం చెప్తే ఒక్క క్షణంలో వదిలేస్తాడు. చెప్పమంటావా?"

"వద్దు. అయిదో నెల నిండేదాకా ఎవరికీ చెప్పనని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పోయినసారి అందరికీ ముందే చెప్పుకున్నాం. తరవాత అందరికీ మళ్లీ చెప్పుకోవాల్సొచ్చింది."

"అందుకే నోరు మూసుకుని వెళ్తున్నాను. అదిగో, బెల్లు. వచ్చేశాడు. కాస్త నవ్వు మొహం పెట్టు."

"ఏం బావా, తయారైనవా? చెల్లె, బాగున్నవా? మొహం గట్ల వాడిపోయిందేంది?"

"బాగానే ఉన్నానన్నయ్యా, రండి. కాఫీ కలుపుతాను."

"వద్దు చెల్లె. వేటకు పొయ్యే రోజు కాఫీ ముట్ట. మన నోట్ల కాఫీ వాసన జింకకు అంత దూరం నుంచి తెలుస్తది. బావా, నేర్పినవి యాదికున్నయా? చెట్టు కాడికి పోయినంక మొదలు ఏం చెయ్యాలె?"

"విల్లు కింద పెట్టి ఎక్కాలి. పైకెక్కి, బెల్టు కట్టుకున్నాక, తాడుతో విల్లుని పైకి లాక్కోవాలి."

"ఎందుకు?"

"చేత్తో పట్టుకుని ఎక్కితే జారినప్పుడు మన బాణం మీద మనమే పడతాం."

"రామ రామ."

"భయపడకు చెల్లె. పడొద్దనే గదా చెప్పేది. గాలి సంగతేంది బావా?"

"జింక వచ్చే దిక్కు నించి గాలి మన మొహానికి కొట్టాలి. విల్లుకి దారప్పోగు కట్టుకుంటే ఎటు వీస్తోందో తెలుస్తుంది."

"విల్లు ఎప్పుడు లాగాలె?"

"అది మనవైపు చూస్తున్నంతసేపూ కదలకూడదు. దాని తల చెట్టుచాటుకి పోయినప్పుడు లాగాలి."

"శభాష్. లాగి, ఎక్కడ కొట్టాలె?"

"ముందుకాలికి కాస్త వెనకగా..."

"ఇక చాలండీ, వంటింట్లో ఈ మాటలు. అన్నయ్యా, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మీరు ఎన్ని కొట్టారు ఇప్పటిదాకా?"

"కొట్టుడు కాదు చెల్లె ముఖ్యం. ఓపిక."

"అవునవును. ఎన్ని?"

"మూడేండ్ల సంది పోతున్న."

"ఎన్నన్నయ్యా?"

"ఒక థర్మాస్. నాదే."

"అయ్యో. మరి సరోజ వదిన పోయినేడు మసాలా నూరి ఫ్రీజర్‌లో పెట్టానని చెప్పిందే."

"పోయినేడు కాదు, ఆ ముందటేడు. వండదు, పారెయ్యదు. ఫ్రీజర్ తెరిచినప్పుడల్లా నా దిక్కు చూస్తది. అందుకే, ఈసారి నాకు పడకున్నా బావకన్నా పడాలె. కొట్టినంక తొందరపడి చెట్టు దిగొద్దు బావా. అర్ధగంట కదలకుండ కూసోవాలె. ఎంటపడితే అది దొరక్కుండ పోతది, ఏడనో పడి ఊకెనే చస్తది, పాపం."

"పాపం తెలిసే చేస్తున్నారన్నమాట."

"ఏమన్నవు చెల్లె?"

"ఏం లేదన్నయ్యా, పాలు పొంగుతాయేమోనని."

"స్టవ్ మీద పాలేవి?"

"పెడదామనుకుంటున్నాను."

"గిన్ని చెప్పిన గానీ బావా, అసలైంది వాసన. సబ్బు ముట్టలేదు గదా?"

"సబ్బు లేదు, పౌడర్ లేదు, తలకి నూనె లేదు. బట్టలు వంటసోడాలో ఉతికి బయట ఆరేశాను. ఆఫీస్‌లో పక్కసీటువాడు జరిగి కూర్చుంటున్నాడు మల్లీ."

"మరి జింకలెందుకు నిలవడ్తలేవు నీ కాడ? నెల సంది పోతున్నం. పోయిన శనివారం నా కండ్లతోటి చూసిన, మూడు జింకలు తిన్నగ నీ చెట్టు కింది దాక వచ్చి, ముక్కులెగబీల్చి, తోకలు తెల్లగ లేపి ఒక్కటే ఉరుకుడు."

"నీ ముందు నించే కదా వచ్చాయి. నువ్వెందుకు కొట్టలేదు?"

"కొట్టిన. థర్మాస్‌కు తాకింది. నా ముచ్చట వదిలెయ్యి. ఏది, నీ కోటు ఇటు తే. ఓయబ్బ. ఏంది బావా ఇది, సాంబారు గిన్నెల ముంచి తీసినట్టున్నది."

"వంటింటి పక్కనే తగిలిస్తాను కదా. పోపు వాసన పట్టుంటుంది."

"పోపు గిట్ల ఉండదు. ఆగు. కుడి జేబుల ఏందో ఉన్నది. గుడ్డముడి. చెల్లె, ఇదేంది?"

"ఏదన్నయ్యా?"

"ఇది."

"అదా. ఇంగువ."

"కోటు జేబులనా?"

"జలుబుకి. మావైపు పెడతారు."

"జలుబుకు ఇంగువ జేబుల పెడతరా?"

"జేబులోనే పెట్టాలి. ఒంటికి తగలకూడదు."

"బావా, నిజమేనా? మీ దిక్కు పెడతరా?"

"ఏమో మల్లీ. ఆడవాళ్ల వైద్యం, నాకేం తెలుసు."

"మంచిగున్నది. నేనక్కడ గాలికి దారం కట్టుకుంట కూసుంటే, ఇక్కడ నా చెల్లె ఇంగువ కట్టి పంపుతున్నది. ఇగో, నీ మందు ఈ బల్ల మీద పెడుతున్న. ఈ కోటు ఇక ఉతికినా పనికి రాదు బావా. నా రెండో కోటు కార్‌ల ఉన్నది. ఎండుటాకులు నింపిన సంచిల పెట్టిన, అడివి వాసన తప్ప ఇంకోటి రాదు. అది తొడుక్కున్నవంటే జింక వచ్చి నీ బూటు నాకుతది. డిక్కీల అడుగున పడ్డది, సామానంత తీసి తెస్త. నువ్వు బూట్లేసుకో."

"వెళ్లాడా?"

"వెళ్లారు."

"..."

"కోపమొచ్చిందా? ఏమండీ."

"..."

"తప్పే. మీకు చెప్పకుండా పెట్టడం తప్పే. అన్నయ్యగారే కదా ఓసారి చెప్పారు, కొత్త వాసన తగిలితే ఆ చుట్టుపక్కలకే రాదని. చంపొద్దంటే మీరు వినరు. చెప్పేద్దామంటే నేను ఒప్పుకోను. జింకకన్నా ఓ మాట చెబుదామనిపించింది."

"..."

"కానీ నేను పెట్టింది శనగగింజంతండీ, ఒట్టు. దానికి సాంబారు గిన్నె అంటారేమిటి ఆయన? డబ్బాలో ముద్ద కూడా ఊరికే తరిగిపోతోంది. ఈ దేశంలో ఎలకలు ఇంగువ తింటాయా ఏమిటి?"

"..."

"ఉత్తచేతుల్తో మీరు తిరిగొచ్చినప్పుడల్లా పైకి అయ్యో పాపం అన్నాను, లోపల దీపం పెట్టుకున్నాను. మీరేమో మొహం వేలాడేసుకుని, కనబడలేదు ఆండాళ్, కనబడలేదు ఆండాళ్ అంటుంటే, పాపం నా మూలానే కదా అని గారెలు చేసి పెట్టాను. రెండుసార్లు."

"..."

"నాకు తెలుసండీ. ఏ జింకా ఎవరి ఉసురూ తీయదని నాకూ తెలుసు. పోయినసారి మీరేం చంపారు, చీమని కూడా చంపలేదు. అయినా నిలవలేదు. అందుకే ఈసారి ఏదీ వదలబుద్ధి కావడం లేదు. పెద్దవాళ్లు చెప్పింది ఒక్కటి కూడా."

"..."

"ఇప్పుడు ఆ ఆకుల కోటు తొడుక్కుంటే నిజంగానే వచ్చి మీ కాళ్ల దగ్గర నిలబడుతుంది. కొట్టకపోతే ఆయన చూస్తుంటారు. కొడితే నేను... ఏమండీ. డిక్కీ మూసిన చప్పుడైంది. వచ్చేస్తున్నారు. తిట్టండి పోనీ. ఏదో ఒకటి అనండి."

"..."

"ఏమండీ."

"వాడు కుడి జేబు చూసి ఆగిపోయాడు ఆండాళ్. ఆ ఎడమ జేబులోది తీసి ఇలా ఇవ్వు, తొందరగా. అది నేను పెట్టుకున్నది."