అయూబ్ కారులో హోరు

ఏదీ, ఇదేనా వెస్లీ నీ బ్రహ్మాండం? తలుపెయ్ ముందు, రోడ్డు మీద సిమెంటు లారీల దుమ్మంతా లోపలికొస్తంది. ఇదిగో ముందు సీట్లో కూచున్నా, చూపించు. డిక్కీ నిండా ఆ పెట్టే పెట్టించావ్, రేపు నీ పెళ్ళాం జెరూషా పుట్టింటికెళ్తానంటే సూట్‌కేసు ఎక్కడ పెడతావ్రా, నీ నెత్తి మీదా? సర్లే, మొహం అట్టా పెట్టమాక. మీ పెద్దమ్మ కూడికకి వచ్చి భోజనం చేసి వెళ్ళినోడివి, మళ్ళీ ఇదే రావటం. వచ్చిందీ నన్ను చూడ్డానికి కాదు, సబ్‌వూఫర్ చూపియ్యటానికి. ఏంటి, మోగట్లేదా? ఎంతుందంట దానికి? ఎనభై ఆరు డెసిబెల్సా? మరి మీ బెన్నిగాడి దానికి? తొంభై అయిదు. ఓహో, అదీ సంగతి. వాడికి తొంభై అయిదు, నాకు ఎనభై ఆరే అని మార్చుకోటానికి బయల్దేరావు. పదో తరగతి మార్కులనుకున్నావేంట్రా, ఎక్కువొచ్చినోడు ఫస్టు, తక్కువొచ్చినోడు ఫెయిలు? అయూబ్ ఉంటే నిన్ను చూసి కింద పడి దొర్లేవాడు.

నీకెక్కడ తెలుసు అయూబ్. అప్పటికి నువ్వు చెడ్డీ ఊడిపోతా తిరుగుతున్నావ్. నందిగామలో హైవే పక్కన వాడి కొట్టు. కార్లకి టేపులూ, స్పీకర్లూ బిగించేవాడు. నేనప్పుడు ఇక్కడ పేటలో అంబాసిడర్ టాక్సీ తిప్పుతున్నా గదా, బెజవాడ కిరాయి తగిలినప్పుడల్లా వాడి కొట్టు ముందు ఆపి టీ తాగాల్సిందే. ఆపకపోతే అలిగేవాడు. నీలాంటోళ్ళు రోజుకి పది మంది వచ్చేవాళ్ళు వాడి దగ్గరికి, నంబరు పట్టుకుని. వాడు స్టూలేసి కూచోబెట్టి చెప్పేవాడు. ఒరేయ్ నాయనా, ఒక్క వాటు కరెంటిచ్చి, ఒక్క మీటరు దూరంలో ఎంత మోగిందో కొలిస్తే వచ్చిన నంబరు ఇది. పెట్టిన తిండికి ఎంత పని చేస్తదో చెప్పుద్ది గానీ, కడుపు నిండా పెడితే ఎంత చెయ్యగలదో చెప్పదు. మూడు డెసిబెల్స్ ఎక్కువున్నది సగం కరెంటుకే అంత మోత మోగుద్ది, నిజమే. కానీ లోతుగా మోగాలంటే స్పీకర్లో ఊగే ఆ కోను బరువుండాలి. బరువున్నది ఒక్క వాటుకి కదుల్తదా? కదలదు. బలమైన ఆంప్లిఫయరిచ్చి, దానికి తగ్గ పెట్టె కడితే అప్పుడు కదులుద్ది, అప్పుడు నీ గుండె పట్టుకోవాలి. అదీగాక ఆ కొలత కారులో తీసింది కాదు. అద్దాలెక్కించి, తలుపులేస్తే, ఈ కాస్త చోట్లో ఆ మోత ఎటు పోద్ది? ఎటూ పోదు. నీ మీదే పడుద్ది. ఇంతా చెప్పాక కూడా నీలాంటోడు లేచి, 'సరేగానీ అయూబన్నా, తొంభై అయిదుది ఉందా?' అనేవాడు. ఆ, నవ్వు. నవ్వు.

అసలు వాడి పిచ్చి ఏంటంటే, మనుషులకి కూడా నంబర్లేసేవాడు. ఎదురుగా బసవమ్మ అని బజ్జీల బండి. 'కృపన్నా, బసవమ్మని చూడు, తొంభై ఎనిమిది. అర వాటిస్తే చాలు, కీసర దాకా వినపడుద్ది' అన్నాడు. ఆవిడ చెవిన పడనే పడింది. చిల్లుల గరిటె పట్టుకుని రోడ్డు దాటొచ్చింది. 'ఏరా సాయిబూ, నాకు నంబరేస్తున్నావంట?' అని. 'అందరికంటే నీకే ఎక్కువేశా పిన్నీ' అన్నాడు. అంతే, నవ్వేసి, వేడి వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టి పంపించింది. మరి నాకెంతరా అంటే, నన్ను కింద నుంచి పై దాకా చూసి, 'నువ్వు డెబ్బై అన్నా. పున్నమ్మక్క ఎన్ని వాట్లు పోసినా లోపలే ఉంటై, ఒక్క మాట బయటికి రాదు' అన్నాడు. నేను బుద్ధి తక్కువై ఇంటికొచ్చి ఆ పున్నమ్మతోనే, మీ పెద్దమ్మతోనే చెప్పా. ఇక చూడు. 'ఏవయ్యా డెబ్బయ్యీ, అన్నానికి రా.' 'డెబ్బయ్యీ, గేదెకి కుడితి పెట్టావా?' చర్చిలో కూడా, పాట మధ్యలో మోచేత్తో పొడిచి, 'కొంచెం పెంచు డెబ్బయ్యీ' అనేది. ఎన్నేళ్ళు పిలిచిందో అట్టా.

ఏం చెప్తన్నా... ఆ, అయూబ్. వాడి భార్య షమీమ్. నవ్విందంటే కొట్టు వెనకాల ఇంట్లోంచి రోడ్డు మీదకి వినపడేది. ఒక పాప వాళ్ళకి, అప్పుడప్పుడే బళ్ళో వేశారు. షమీమ్‌కి జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. పోయింది. నేను తెలిసి పరిగెత్తుకెళ్ళేసరికి వాడు ఏం చేస్తున్నాడనుకున్నావ్? కుర్చీలేస్తున్నాడు. వచ్చినోళ్ళకి నీళ్ళిస్తున్నాడు. మట్టి చేసొచ్చి, షామియానా వాడితో తాళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. కంట్లో చుక్క లేదు. బసవమ్మ బజారంతటికీ సరిపడా ఏడ్చింది, వీడు మాత్రం ఉలకలేదు. జనం ఊరుకుంటారా? షమీమ్ వాళ్ళన్న, ఐజాజ్ అని మైలవరంలో ఉండేవాడు, అందరి ముందే అన్నాడు. 'మా చెల్లి పోతే బావకి ఒక్క చుక్క రాల్లేదు. రాయి.'

అక్కడితో అయిపోతే బాగుండు. తర్వాత మధ్యాహ్నం పూట షట్టరు దించేసి, సందులో ఉన్న వాడి పాత మారుతీలో కూచోవటం మొదలెట్టాడు. అద్దాలన్నీ ఎక్కించేసి. వెనక సబ్‌వూఫర్ ఆన్ చేసి. బయటికేం వినపడేది కాదు, నంబరు ప్లేటు మాత్రం గడగడమని కొట్టుకునేది, మర్లు వదులై. ఆ చప్పుడు విని బసవమ్మే మొదలెట్టింది. 'అమ్మో అమ్మో, ఆ పిల్ల మీద మట్టి ఆరనన్నా లేదు, పాటలు పెట్టుకుంటన్నాడమ్మా!' అని. తొంభై ఎనిమిది గదా. మైలవరం దాకా వినపడింది.

నలభయ్యో రోజింకా కాలేదు, ఐజాజ్ జీపేసుకుని వచ్చాడు, వాళ్ళమ్మ హఫీజున్నీసాని ఎక్కించుకుని. పాపని తీసకపోటానికి. 'ఏడవనోడు రేపు ఇంకో దాన్ని తెచ్చుకుంటాడు, మా పిల్ల బిడ్డకి దిక్కెవరు?' అంటన్నాడు. నేను అక్కడే ఉన్నా. పాప నా చెయ్యి పట్టుకుని ఉంది. అయూబ్‌కి మిగిలింది ఆ పాపే. కారులో కూచున్నాడు, ప్లేటు కొట్టుకుంటంది, ఐజాజ్ బానెట్టు మీద దబదబా బాదుతున్నాడు, 'దిగు బావా! నీ పాటలైపోతే దిగు!' అని. దిగడు. వీడు దిగి ఒక్క మాట చెప్పకపోతే పాప జీపెక్కేస్తది గదా.

అప్పుడు ఆ పెద్దావిడ వచ్చింది. సన్నగా, కర్రలాగా ఉండేది. కూతురు పోయిన రోజు స్నానం చేయించటం దగ్గర్నుంచి అన్నీ తనే నిలబడి చేయించింది, ఆవిడా ఏడవలా. కాకపోతే పెద్దావిడ గదా, ధైర్యస్తురాలన్నారు. అదే అల్లుడైతే రాయి అన్నారు. వచ్చి, కారు టాపు మీద అరిచెయ్యి పెట్టింది. అట్టాగే ఉంచింది. నేనూ పెట్టి చూశా. అందులో పాట లేదురా. పాటైతే ఆగుద్ది, దరువుంటది. ఇది ఒకటే హోరు. స్పీకర్లు బిగించాక సరిచూసుకోటానికి వాడి దగ్గర ఒక సీడీ ఉండేది, మాటా పాటా ఏం ఉండదు దాన్లో, ఉత్త హోరు. అది పెట్టుకుని కూచునేవాడు. ఎందుకంటే ఏం చెప్పను... బయటోళ్ళకి ప్లేటు చప్పుడే తప్ప ఇంకోటి వినపడకూడదని.

ఆవిడ తలుపు కొట్టింది. తీశాడు. ఎక్కి పక్కన కూచుంది, ఇదిగో నేను కూచున్నట్టే, తలుపేసుకుంది. ఐజాజ్ 'అమ్మీ, అమ్మీ' అని అరుస్తన్నాడు. కాసేపటికి ప్లేటు చప్పుడు పెద్దదైంది. ఇంకా పెద్దదైంది. ఊడి పడుద్దేమో అనుకున్నా. నేను వాడే పెంచాడనుకున్నా. తర్వాత వాడే చెప్పాడు. 'నేను కాదు కృపన్నా. అత్త నా వంకన్నా చూళ్ళేదు. సౌండు పెంచే నాబు ఏదని అడిగింది, చూపించా. తనే తిప్పుకుంది' అన్నాడు.

చాలాసేపటికి దిగింది. ఆ కళ్ళు చూడలేకపోయా నేను. ఐజాజ్‌తో ఒకటే మాట. 'పాప ఇక్కడే ఉంటది. జీపు తియ్.' వాడేదో అనబోతే, 'వినపడలేదా?' అంది. అంతే, వెళ్ళిపోయారు. తర్వాత ఆవిడ ఒక్కతే బస్సెక్కి వచ్చేది. పాపకి ఏదో ఒకటి వండుకొచ్చి, తినిపించి, బళ్ళోకి పంపి, కారులో కూచునేది. బసవమ్మ నోరెత్తలా. పైగా బజ్జీల బండి తెచ్చి సందు మొగలో అడ్డంగా పెట్టింది, పోరంబోకు నాయాళ్ళు తొంగి చూడకుండా.

ఆ... తర్వాతా? ఏముంది తర్వాత. అయూబూ ఎంతో కాలం లేడు. కీసర దగ్గర ఆగున్న లారీని చూసుకోలేదు. ఆ మారుతీలోనే. పాప చివరికి మైలవరమే పోయింది. ఆ రోజు 'ఇక్కడే ఉంటది' అన్న ఆవిడే వచ్చి తీసుకెళ్ళింది. అప్పుడూ ఏడవలా. కొట్టు వెనక సందులోకి పోయి, కారుండే చోట కాసేపు నిలబడొచ్చింది. ఎక్కి కూచోటానికి అది కూడా లేదు గదా ఆవిడకి.

నువ్వేంట్రా అట్టా చూస్తావ్? మీ పెద్దమ్మ పోయాక పెట్టిన కూడికనాడు మీరంతా ఏమనుకున్నారో నాకు తెలీదనుకున్నావా? కృపారావు కుర్చీలేస్తున్నాడు, కృపారావు సాంబారు బకెట్టు పట్టుకుని తిరుగుతున్నాడు, కృపారావు కళ్ళు తడవలేదు... పర్లేదులే. నువ్వనలేదు, సరే. అన్నా పర్లేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఏ నంబరూ పెట్టి పిలవట్లేదు.

మార్చుకుంటే రేపు మార్చుకో అబ్బాయ్. ఇవాళ ఉండనీ. పాటొద్దు, తీసెయ్. ఫోన్లో దొరుకుద్దంటగా ఉత్త హోరు, అది పెట్టు. ఊఁ. అదే. నాబు ఏది? ఇదా? సరే. ఆ వెనక అద్దం కూడా ఎక్కించు. నువ్వెళ్ళి టీ తాగి రా. తొందరేం లేదు, నిదానంగా తాగు. తలుపెయ్.