ముప్పై రెండో అర్జీ

మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి, దర్జీ ఆవిడ ఎప్పటిలాగే మున్సిపల్ ఆఫీసు కిటికీలోంచి అర్జీ లోపలికి తోసింది. గుమాస్తా తలెత్తలేదు.

"మళ్ళీ బడి ముందు మురిక్కాలవ మూతేనా అమ్మా?"

"మూత పడేదాకా అదే. ఇది ముప్పై రెండోది. ముద్ర వెయ్యండి."

"వేస్తా. కానీ ఇంజనీరుగారు చూడరు. ఒక్కరే రాస్తే అది సొంత గొడవ కింద లెక్కట. పది సంతకాలుండాలి."

"ఆ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదు."

"చెప్పులరిగేలా తిరిగానండీ. వీధిలో ఎవర్ని పిలిచినా, నువ్వెళ్తున్నావుగా, ఇంక మేమెందుకు అంటారు."

గుమాస్తా ముద్ర వేశాడు. ఆవిడ ఆ కాగితాన్ని తిప్పి, కలంతో సహా అతని ముందే పెట్టింది.

"మీ పాప చదివేదీ ఆ బడిలోనే. మొన్న యూనిఫాం కొలతలు నేనే తీశా. పెట్టండి మొదటి సంతకం."

"ఇక్కడ పనిచేస్తూ నేనెలా పెడతానమ్మా? అయినా మా పాపని అటువైపు నడవనివ్వం. వెనక గేటు దగ్గర దింపుతున్నా."

"ఎప్పట్నుంచి?"

అతను కలం మూత పెట్టి, మెల్లిగా ఆవిడ వైపు జరిపాడు.

"మీ మొదటి అర్జీ చదివినప్పట్నుంచి."