గోడ వెనుక గదికి కిటికీ పెట్టించిన రాధాకుమారి గారు

1991 ఆగస్టు పందొమ్మిదవ తేదీన జూనియర్ అసిస్టెంటుగా మన పురపాలక కార్యాలయంలో అడుగుపెట్టిన శ్రీమతి రాధాకుమారి గారు, ముప్పై నాలుగేళ్ల నిష్కళంక సేవానంతరం, రెవెన్యూ అధికారిణిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కొనకనమిట్ల మెట్టపొలాల మధ్య పుట్టి, వాన కోసం ఎదురుచూస్తూ పెరిగిన ఆమెకు ఓర్పును మరొకరు నేర్పవలసిన అవసరం కలగలేదు. ఓర్పు ఉంది కనుక కోపం లేదనుకుంటే పొరపాటే. ఆ కోపం రుచి చూసినవారు ఈ సంచిక చదివేవారిలోనే కొందరున్నారు.

ఇంటిపన్ను మదింపునకు వెళితే గొడుగు పిడితో ప్రతి గోడనూ తట్టి చూడటం ఆమె పద్ధతి. మట్టిగోడో, సిమెంటు గోడో ఆ చప్పుడును బట్టి చెప్పేవారు. ఒకసారి వెంకటసుబ్బులమ్మ అనే వృద్ధురాలి ఇంట్లో, ఆ తట్టుడుకు బెత్తెడు పూత ఊడి కిందపడింది. పన్ను వేసేదానివి గోడ కూడా నువ్వే మెత్తిపొమ్మని ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. రాధాకుమారి గారు కొంగు బిగించి, మట్టి తడిపి, పూసి మరీ వచ్చారు. ఆఫీసరమ్మ పూసిన మేర నునుపుగా ఉందని ఆ వృద్ధురాలు చాలాకాలం వీధంతా చెప్పుకొంది.

సీనియర్ అసిస్టెంటుగా, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా క్రమంగా ఎదిగిన ఆమెకు, ఆరేళ్ల క్రితం ఒక బరువైన బాధ్యత అప్పగించారు. అర్ధవీడు, బేస్తవారిపేట వైపు నుంచి పలకల కార్ఖానాలకు పనికి వచ్చేవారు ఒక్కో గదిలో నలుగురైదుగురు చొప్పున కలిసి అద్దెకుంటారు. అటువంటి ఉమ్మడి అద్దె ఇళ్లకు లైసెన్సు రుసుము నిర్ణయించవలసి వచ్చింది. ఎంతమంది ఉంటే అంత రుసుము అన్నదే న్యాయమని ఆమె భావించారు. మొదటి ఏడాది ప్రయోగంగా అలాగే వసూలు చేశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉండనే ఉంటాడన్న సంగతి, అంత అనుభవమున్న ఆమెకూ ఆనాడు గుర్తురాలేదు.

ఆ పద్ధతిని శాశ్వతం చేసే తీర్మానానికి ముందు, ఒక వేసవి మిట్టమధ్యాహ్నం, ఆమె ఊరి చివర ఒక పెద్ద ఇంటిని తనిఖీ చేయబోయారు. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. చీరతో కట్టిన ఉయ్యాల ఇంకా ఊగుతోంది. మనిషి మాత్రం ఒక్కరూ లేరు. తన ఇంట్లో ఉండేది ముగ్గురేనని, వాళ్లూ పనికి పోయారని యజమాని చెప్పుకొస్తున్నాడు. ఆమె అలవాటు కొద్దీ వెనుక గోడను తట్టారు. అటువైపు నుంచి ఎవరో తిరిగి తట్టారు.

ఆమె గట్టిగా అడిగేసరికి యజమాని, గోడకు ఆనించిన బస్తాలు తీసి, వాటి వెనుక బయట గడియ పెట్టిన చిన్న తలుపును తెరిచాడు. గాలి చొరబడని ఆ గదిలోంచి చెమటతో తడిసి ముద్దయిన ఆడామగా ఒకరి వెనుక ఒకరు బయటికి వచ్చారు. చివరగా రోశమ్మ అనే కూలీ, చంటిబిడ్డ నోరు అరచేత్తో మూసి పట్టుకుని వచ్చింది. అందరినీ వాకిట్లో చెట్టు నీడకు పంపి, గది ఖాళీ అయిందని కళ్లారా చూసి, గోడ మందం తెలుసుకుందామని రాధాకుమారి గారు మరొకసారి తట్టారు. ఖాళీ గదిలోంచి మళ్లీ జవాబు వచ్చింది.

లోపలి నుంచి తట్టింది మీలో ఎవరని ఆమె అడిగితే, రోశమ్మ తల అడ్డంగా ఊపింది.

“మాలో ఎవురూ తట్టలేదమ్మా. తడితే గది పోతాది. తట్టింది మా యల్లయ్య మామ. పోయిన తనిఖీకి గూడా ఇట్లనే లోపలేసి గడియ పెట్టినాడు. మేమంతా బయటికొచ్చినాం, మామ రాలేదు.”

ఆయన ఎండదెబ్బకు దారిలో కూలిపోయాడని యజమాని బయటివారందరినీ నమ్మించి, శవాన్ని అర్ధవీడుకు పంపించేశాడట. ఆ వ్యవహారం న్యాయస్థానంలో ఉన్నందున ఇక్కడ మరింత రాయడం తగదు. తాను వేసిన లెక్కే ఆ తలుపుకు గడియ పెట్టించిందని రాధాకుమారి గారు ఆ సాయంత్రం కార్యాలయంలో అందరి ముందూ ఏడ్చారు. ఆమె కన్నీరు మేము చూడటం అదే మొదలు.

రుసుము మనుషుల మీద కాక గదుల మీద ఉండాలని, కిటికీ లేని గదికి లైసెన్సే ఇవ్వరాదని ఆమె పాలకవర్గం ముందు పట్టుబట్టారు. ఆదాయం తగ్గుతుందన్నవారికి యల్లయ్య గారి పేరు చెప్పి ఊరుకున్నారు. తీర్మానం నెగ్గింది. ఆ ఇంటి వెనుక గదికి నిలువెత్తు కిటికీ వచ్చింది.

అయితే ఆ గదిలో పడుకునేందుకు నేటికీ ఎవరూ సాహసించడం లేదు. ఇప్పుడు ఇల్లు యజమాని తమ్ముడి చేతిలో ఉంది. ఖాళీ గదికి రుసుమెందుకు కట్టాలి, కిటికీతో సహా మూసేస్తానని ఆయన గత మాసం అర్జీ పెట్టాడు. ఎవరూ ఉండని గదిని మూయరాదనే నిబంధన లేదు. ఆమె ఆ అర్జీ చదివి, సాయంత్రం తిన్నగా వెళ్లి, వచ్చే నెల నుంచి ఆ గదిని తానే అద్దెకు మాట్లాడుకుని వచ్చారు.

సొంతిల్లు పెట్టుకుని అక్కడేంది అమ్మా అని కుమార్తె ప్రియదర్శిని కంటతడి పెట్టుకుంది. మేమూ నచ్చజెప్పి చూశాం. రాధాకుమారి గారు ఎంతో నెమ్మదిగా చెప్పిన మాట ఇది: “మనిషి ఉన్న గదిని మూసేదానికి లేదు. ఆయన్ని లెక్కలో వేసుకోరు. నన్ను వేసుకుంటారు గదా.”

ఆ కిటికీ గాలి ఆమెకు ఆరోగ్యాన్ని, ఆయుష్షును పుష్కలంగా ప్రసాదించాలని, మనుమల ముద్దుమాటలు వింటూ ఆమె నిండు నూరేళ్లు చల్లగా వర్ధిల్లాలని సహోద్యోగులందరి తరఫున ఆకాంక్షిస్తున్నాం. ఆ గదిలో ఆమె కంటే ముందు నుంచి ఉంటున్న యల్లయ్య గారికీ, ఇకనైనా కంటినిండా నిద్ర పట్టాలని కోరుకుంటున్నాం.